బ్రేకు తొక్కని సొట్ట

మార్చి 3, సోమవారం

కొత్త వ్యాను వచ్చింది.

ఇలాంటి వాటికి నోరు వెళ్లబెట్టే మనిషిని కాను. యజమాని ఒక యంత్రం కొంటే పనివాళ్లు దాని చుట్టూ మూగి చప్పట్లు కొట్టడమంత సిగ్గుచేటు ఇంకోటి లేదని మా సంఘం గోడపత్రికలో నేనే మూడుసార్లు రాశాను. అయినా ఉన్నమాట ఇక్కడ రాసుకోకపోతే ఎక్కడ రాసుకుంటాను? దాన్ని చూసి నిలబడిపోయాను. కోడిగుడ్డు పెంకు తెలుపు. ఎక్కడా అతుకు కనబడదు. ఇరవయ్యారేళ్లుగా అద్దాల పనిలో ఉన్నవాణ్ణి, నునుపంటే ఏమిటో నా వేళ్లకు తెలుసు. పక్క రేకు మీద అరచేయి పెడితే వేళ్లు వాటంతట అవే నెమ్మదించాయి. పాత వ్యాను స్టార్టు చేస్తే వీధి చివర కుక్కలు లేచేవి. ఇది స్టార్టయిందో లేదో మీటరు చూసి తెలుసుకోవాలి.

మేనేజరు క్రమశిక్షణ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఈ వ్యాను ఎవరి చెమటతో వచ్చిందో నేను పది నిమిషాలు గుర్తుచేశాను. అందరికీ ఆకలేస్తోంది, ఇద్దర్నీ వినలేదు.

తాళాలు రెండు. పొద్దున్నుంచి నాలుగింటిదాకా నాది. తర్వాత బడిబండిది, ఆమెను ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు.

ఆ రెండో తాళం కోసం ఎనిమిది నెలలు పోట్లాడాను. పదకొండేళ్లు బడిపిల్లల బస్సు నడిపిన మనిషిని తెచ్చి, ఆడవాళ్లకు అద్దం బండి చేతకాదంటూ ప్యాకింగు గదిలో కాగితాలు చుట్టబెట్టమన్నారు. నాలుగు కరపత్రాలు, రెండు పూటల పని బందు. చివరికి మేనేజరు దిగొచ్చాడు, అదీ సగం మెట్టు. మూడు నెలలు చూస్తారట, బండి మీద ఒక్క గీత పడినా ఆమె తాళం వెనక్కి. నా తాళానికి అలాంటి షరతు లేదు. ఇదేం న్యాయమని అడిగితే, "మీరు సీనియరు కదా, నాయకా" అన్నాడు. నన్ను నాయకా అన్నప్పుడల్లా వాడి పెదవి ఒక పక్కకు పోతుంది.

బడిబండి తాళం తీసుకుని థాంక్స్ కూడా చెప్పలేదు. చెప్పకూడదు కూడా, అది ఆమె హక్కు. వ్యాను చుట్టూ ఒకసారి నడిచి నా దగ్గరికొచ్చింది.

"అన్నా, పాతదానికంటే ఇది మూరెడు పొడుగుంది. తోక చూసుకోండి."

"నాకా చెప్తున్నావు?" అన్నాను.

అందరూ నవ్వారు.


మార్చి 4

మా వృత్తిలో మొదటి పాఠం ఆమెకు నేనే చెప్పాను. అద్దం వెనకుంటే బ్రేకు లేదు. బండి వెనక రాకు చట్రంలో నిలబెట్టిన పెద్ద అద్దం ఒక్క కుదుపుకి ముందుకు జారుతుంది, జారితే మిగలదు. అందుకని దూరం నుంచే చూసుకోవాలి, యాక్సిలరేటరు వదిలేసి బండిని దానంతటదే నెమ్మదించనివ్వాలి. నా గురువు నాకు చెప్పాడు, నేను పద్నాలుగు మందికి చెప్పాను.

"మరి ఎవరైనా అడ్డమొస్తే?"

"ముందే చూస్తాం కదమ్మా."

"పిల్లలు ముందే కనపడరన్నా."

"ఇక్కడ పిల్లల్లేరు. అద్దాలున్నాయి."

 నేర్చుకునేవాళ్లు మొదట వాదిస్తారు. నేనూ వాదించాను.


మార్చి 6, గురువారం

వ్యానుకు దెబ్బ తగిలింది.

మూడున్నర. సరుకు దించి ఖాళీగా వస్తున్నాను. గేటులోకి ఎడమకు తిప్పాను. ముక్కు లోపలికొచ్చింది, ఒళ్లు వచ్చింది. పాతదైతే తోక కూడా వచ్చేసేది. గేటు స్తంభానికి మేమే రబ్బరూ దాని మీద పాత కంబళీ చుట్టాం, అద్దం మోసేటప్పుడు అంచు తగిలినా విరగకుండా. అందుకే చప్పుడు కూడా పెద్దగా లేదు. దుప్పటి కింద ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినబడింది.

అక్కడే ఆగి ఉంటే గుప్పెడు నొక్కుతో పోయేది. కాలు బ్రేకు మీదికి వెళ్లలేదు. చప్పుడు విన్నాను, ఏదో తగులుతోందని తెలిసింది, అయినా కాలు మామూలుగా యాక్సిలరేటరు వదిలి ఊరుకుంది. బండి దొర్లుతూనే ఉంది, స్తంభం రాసుకుంటూనే ఉంది. రాకు ఖాళీ. ఆ సంగతి నాకు తెలుసు, నా కాలికి తెలియదు.

దిగి చూశాను. వెనక చక్రం పైనుంచి దీపం దాకా, భుజం నుంచి మణికట్టు దాకా ఉన్నంత పొడుగు. పెయింటు ఒక్క పొర కూడా లేవలేదు. రేకు లోపలికి వంగింది, అంతే. ఇలా అనకూడదు గానీ అందంగా ఉంది. ఎదురింటి మేడ, కరెంటు తీగలు, ఆకాశం అన్నీ ఆ సొట్టలోకి ఒంగి ఒక సన్నటి కాలవలా పారుతున్నాయి. ఎంతసేపు చూశానో!

అసలు తప్పెక్కడుంది? పాత బండి కొలతకు కట్టిన గేటు. కొత్త బండి కొనేటప్పుడు గేటు గురించి ఆలోచించినవాడు ఒక్కడూ లేడు. నడిపేవాళ్లని ఒక్క మాట అడగలేదు. ఇది మనిషి తప్పు కాదు, ఏర్పాటులోనే ఉన్న తప్పు. ఇరవయ్యేళ్లుగా నేను చెబుతున్నది ఇదే.

ఎడమ పక్క గోడకు ఆనించి పెట్టాను. నీడ ఉంటుందని. బండి అప్పగించే పుస్తకంలో 'బాగుంది' అని రాసి సంతకం చేశాను. రోజూ రాసేదే, చేయి రాసేసింది.

రేపు పొద్దున్నే చెప్తాను.


మార్చి 7

నేను వెళ్లేసరికి మేనేజరు వ్యాను దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన బడిబండి. చుట్టూ సగం కార్ఖానా.

"నిన్న నాలుగింటికి బాగుందని సంతకం ఉంది. ఆరింటికి నువ్వు తెచ్చి పెట్టావు. పొద్దున్న ఇలా ఉంది. మధ్యలో దీన్ని పిల్లి గీరిందా?"

"నేను కొట్టలేదు సార్."

"మరెవరు?"

ఆమె నా వంక చూసింది. కోపంగా కూడా కాదు. బస్సు మెట్టు మీద నిలబడి వెనక ఇంకెవరైనా ఎక్కాలేమోనని చూసే చూపు.

నేను ముందుకొచ్చాను. మాట్లాడాను. ఎంత బాగా మాట్లాడానో రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. విచారణ లేకుండా శిక్షా అన్నాను. మగవాళ్ల చేతిలో పాత బండికి పదిహేడు సొట్టలు పడ్డప్పుడు ఎవడి తాళం లాక్కున్నారన్నాను. ఒక ఆడమనిషి చక్రం పట్టిన నాలుగో రోజే తీర్పు చెప్పే తొందరేమిటన్నాను. కోత బల్ల దగ్గర ముసలాయన చేతిలో పని ఆపి మరీ విన్నాడు. మేనేజరు తగ్గాడు. వచ్చే శుక్రవారం సంఘంతో కూర్చుని తేలుస్తానన్నాడు. అప్పటిదాకా ఆమె ప్యాకింగు గదిలో.

గెలిచినట్టే. తాళం మాత్రం ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

నేను చెప్పాలనే వెళ్లాను. అంతలో విషయం పెద్దదైపోయింది. ఇప్పుడది ఒక సొట్ట గురించి కాదు, ఆడవాళ్ల హక్కు గురించి. సంఘం కార్యదర్శే బండి గుద్దాడని తెలిస్తే ఆ హక్కు ఏమవుతుంది? ఇక్కడ వ్యక్తి కంటే సమస్య ముఖ్యం.


మార్చి 8, శనివారం

టేపు తీసుకెళ్లి గేటు కొలిచాను. వ్యాను వెడల్పు కంటే రెండు జానలు ఎక్కువే ఉంది. టేపు పాతది, సాగి ఉంటుంది.


మార్చి 9

పక్కింటి దర్జీ దగ్గర టేపు అడిగి తెచ్చి మళ్లీ కొలిచాను. రెండు జానలే.


మార్చి 10, సోమవారం

కరపత్రం పూర్తయింది. నాలుగు పేజీలు. 'ఒక సొట్ట, ఒక సమాజం'. ఈ మధ్య నేను రాసినవాటిలో ఇంత వేడి ఉన్నది లేదు. గేటు కొలత వదిలేశాను, పాఠకులకు విసుగు.

మా ఆవిడకు చదివి వినిపించాను. ఆసుపత్రిలో పొద్దస్తమానం గాయాలకు కట్లు కట్టి వస్తుంది, ఇంట్లో నా వాక్యాలకూ కడుతుంది. కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నది.

"బాగుంది. చాలా గట్టి కట్టు."

"అంటే?"

"గాయం ఎక్కడో కనపడ్డం లేదయ్యా. చుట్టూ తిప్పి తిప్పి చుట్టావు. అసలెవరు గుద్దారు?"

"అది కాదు ఇక్కడ ప్రశ్న."

"మా దగ్గరికొచ్చేవాళ్లూ అంతే. ఎక్కడ నొప్పి అంటే ప్రభుత్వం గురించి చెప్తారు." కాళ్లు తుడుచుకుని లేచింది. "ఆ అమ్మాయి ఏమంటోంది?"

"ఏమంటుంది? మనం పోరాడుతున్నాం కదా."

"ఏమంటోందని అడిగాను."

ఆమెను ఈ మూడు రోజుల్లో నేను అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. పని ఎక్కువగా ఉంది.


మార్చి 11, మంగళవారం

సొట్టలు తీసే మనిషి వచ్చాడు. యాజమాన్యం పిలిపించిన మనిషి ఒంటరిగా పనిచేసి ఏదో ఒకటి తేల్చేస్తాడేమోనని సంఘం తరఫున నేను దగ్గరుంటానన్నాను. మేనేజరు ఉండమన్నాడు.

ఈ రోజు చూసినదాన్ని ఉన్నదున్నట్టు రాయగలనో లేదో తెలియదు. వాదన అయితే రాసేవాణ్ణి.

బక్కటి మనిషి, నలభై ఉంటాయి. తాడుకు వేలాడే కళ్లజోడు. వచ్చాక నా మొహం చూడలేదు. షెడ్డు తలుపులు మూశాడు, ఒక పొడుగాటి దీపం పెట్టె నిలబెట్టాడు. దాని మీద నల్లగీతలు, తెల్లగీతలు, వరసగా. దీపం వేస్తే ఆ గీతలన్నీ వ్యాను ఒంటి మీద పడ్డాయి. బాగున్నచోట తిన్నగా, దువ్విన జుట్టులా. సొట్ట దగ్గరికొచ్చేసరికి ఒకటి మీద ఒకటి పడి, ముడి పడి, సుడి తిరిగి.

నేనుండబట్టలేక చెప్పడం మొదలుపెట్టాను, గేటు గురించీ యాజమాన్యం గురించీ.

"సార్, చేతులు."

"ఏమిటి?"

"చేతులూపుతున్నారు. మీ నీడ నా గీతల మీద పడుతోంది. మాట్లాడుకోండి, చేతులు జేబులో పెట్టుకుని మాట్లాడుకోండి."

చేతులు జేబులో పెట్టుకుంటే నాకు మాట రాదని నాకే ఇవాళ తెలిసింది.

లోపలి అట్టలు విప్పాడు. మొన వంగిన ఇనపకడ్డీ ఒకటి లోపలికి పోనిచ్చి, కళ్లు మాత్రం బయట గీతల మీద పెట్టాడు. కడ్డీ మొన ఎక్కడుందో అతనికి కనబడదు. చేత్తో వెతుకుతాడు, గీతల్లో చూస్తాడు. చిన్నగా నొక్కాడు. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కాడు. యాభైసార్లు, వందసార్లు, ప్రతిసారీ వెంట్రుక మందం. గంటకు ఒక గీత కదిలింది. కదలడం నేను కళ్లారా చూశాను. ముడిలోంచి ఒక తెల్లగీత విడిపోయి, నిద్రలోంచి లేచినట్టు నెమ్మదిగా నిటారైంది.

"నడిమధ్యన లోతుగా ఉంది కదా, అక్కడ ఎందుకు నొక్కరు?"

"అక్కడే నొక్కితే అక్కడే పగులుద్ది. లోపలికి పోయిన రేకు ఎక్కడికి పోయిందనుకున్నారు? చుట్టూ గట్టు కట్టింది. ముందు ఆ గట్టు దించాలి. అప్పుడు లోతు దానంతటదే పైకొస్తానంటుంది." చిన్న సుత్తితో అంచు మీద టక్ టక్ మని కొడుతూ, "రా తల్లీ, రా. ఎవరూ తిట్టరు. రా" అన్నాడు. నాతో కాదు, రేకుతో.

ఇరవయ్యారేళ్లు చేతిపని చేసినవాణ్ణి. పనితనం గురించి ఎన్ని పేజీలు రాశానో. పని జరుగుతుండగా గుడ్లప్పగించి ఇంతసేపు నిలబడి చూసింది ఎప్పుడూ లేదు. భోజనం గంట మోగింది, నేను కదల్లేదు.

నాలుగింటికి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు. "ఇది గుద్దినాయన చాలాకాలం అద్దాలు తోలినాయన."

చేతులు జేబులో ఇంకాస్త లోపలికి తోశాను.

"మామూలు మనుషులు తగిలిందనగానే ఆగుతారు. ఆగినచోట రేకు ముద్దకడుతుంది, అక్కడ లోతుంటుంది. వేలు పెట్టి చెప్పొచ్చు, ఇదిగో ఇక్కడ బ్రేకు తొక్కాడని. దీనికి అది లేదు. మొదలెంతో చివరా అంతే. తగిలాక కూడా నిదానంగా, ఒకటే పోకడ. ఈ జాతి సొట్ట నేను నాలుగైదు చూశాను, అన్నీ అద్దాలవాళ్ల బళ్లే. కాలు ముందుకు రాదు మీకు." కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఎవరో బడిబస్సు నడిపినామె కొట్టిందంటున్నారు బయట?"

"అంటున్నారు."

"ఆమెదైతే ఇక్కడ గుంట పడుద్ది సార్. పిల్లల బస్సు తోలినవాళ్లకి కన్నుకంటే ముందు కాలు తొక్కుద్ది."

"ఈ మాట మేనేజరుతో చెప్తారా?"

"నన్ను సొట్ట తియ్యమన్నారు. ఎవరిదో చెప్పమన్లేదు." కడ్డీలు ఒక్కోటి తుడిచి గుడ్డలో చుట్టాడు. "రేపటికి ఇది మాయమైపోద్ది. తర్వాత ఎవరు చెప్పినా మాటే."


మార్చి 12

పన్నెండింటికి చివరి గీత తిన్ననైంది. దీపం ఆర్పాడు. వెతికాను. కంటితో, అరచేత్తో, గోటితో. లేదు. జరగనే లేదన్నట్టుంది.

భయమేసింది.


మార్చి 13, గురువారం

ప్యాకింగు గదికి వెళ్లాను. ఆమె బల్ల మీద అద్దం నిలబెట్టి మూలలకు అట్టముక్కలు కడుతోంది. నా కరపత్రం గోడకు అతికించి ఉంది.

"రేపటి మీటింగులో ఏం మాట్లాడాలో అనుకుందామని," అన్నాను.

"మీ కాగితం చదివానన్నా. నాలుగు పేజీలూ." దారం పళ్లతో తెంపింది. "అందులో నేను బాధితురాలినని ఉంది. నిరుపేదనని ఉంది. చరిత్ర అని కూడా ఉంది. నేను గుద్దలేదని మాత్రం ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను."

గదిలో ఇంకెవరూ లేరు.

"నీకు తెలుసా?"

"ఆ రోజు గోడ దగ్గర్నుంచి బండి బయటికి తీస్తుంటే పక్కద్దంలో కనపడింది. సీటు మీ కాళ్లంత వెనక్కుంది. సంతకం అప్పటికే పెట్టేశాను, గోడవైపు చూడకుండా. అది నా బుద్ధితక్కువ."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఎవరికి చెప్పను? మీరు వెళ్లిపోయారు. పుస్తకంలో మీ చేత్తో 'బాగుంది' అని ఉంది. ఇన్నేళ్ల మీ అక్షరం ఒక పక్క, నాలుగు రోజుల నా నోటిమాట ఒక పక్క. మీరైతే ఎవర్ని నమ్ముతారు?"

"మర్నాడైనా... అందరి ముందూ నా పేరు చెప్పాల్సింది."

ఆమె అద్దాన్ని అటు తిప్పింది. ఆ అద్దంలో నేను కనబడ్డాను, జేబులో చేతులతో.

"ఎనిమిది నెలలు నా తరఫున మాట్లాడారు. బాగా మాట్లాడారు, నేను కాదనను. మీ తరఫున మీరు ఎలా మాట్లాడతారో ఒకసారి చూద్దామనిపించింది. అందుకే మీ వైపు చూశాను ఆ రోజు." ఇంకో మూలకు అట్ట పెట్టింది. "చూశాను. మాట్లాడారు. అబ్బో, ఎంత మాట్లాడారు!"

తలుపు వైపు తిరిగాను. 

"నాకా తాళం కావాలన్నా," అంది వెళ్లబోతుంటే.  "ఇక్కడ రోజంతా కాగితం చుడుతుంటే నా కాళ్లు చచ్చుబడిపోతున్నాయి."


మార్చి 14, శుక్రవారం

చెప్పాను.


మార్చి 15

నిన్న రాయలేకపోయాను.

రాత్రి రాసుకున్న కాగితం జేబులోనే ఉంది. దాని మొదటి వాక్యం "మిత్రులారా, ఈ ఘటనను మనం ఏ కోణంలోంచి చూడాలంటే". కాగితం బయటికి తీయలేదు. లేచి నిలబడి, "నేనే గుద్దాను. ఆరో తారీఖు మూడున్నరకి. ఆమెకు సంబంధం లేదు" అన్నాను. ఇంకేదో రావాలి గొంతులోంచి. రాలేదు. కూర్చున్నాను.

ఎంత నిశ్శబ్దమంటే పక్క గదిలో కోతచక్రం ఆగిపోయిన తర్వాతి గుయ్యిమనే చప్పుడు వినబడింది.  నా ఉపన్యాసాలన్నింటికీ కలిపి అంత నిశ్శబ్దం దొరకలేదు.

కోత బల్ల ముసలాయన నవ్వాడు ముందు. "నాయకా, నీ స్పీచిల్లో మొదట్నుంచి చివరిదాకా నాకర్థమైంది ఇదొక్కటే." అందరూ నవ్వారు. మంచి నవ్వు కాదు, చెడ్డది కూడా కాదు.

మేనేజరు నవ్వలేదు. ఏర్పాటులో ఉన్న తప్పన్నమాట అన్నాడు, పెదవి పక్కకు పెట్టి. అవును, ఏర్పాటులోనూ ఉంది అనబోయాను. ఉంది కూడా, ఆమెకు పెట్టిన షరతు నాకు పెట్టకపోవడంలోనే ఉంది. ఆ మాట ఇంకెవరైనా అనొచ్చు, నిన్న నేను అనకూడదు. నా తాళం ఆరు నెలలు పోయింది. సంఘంలో కార్యదర్శి పని ఎన్నికల దాకా ముసలాయన చూస్తాడు. పెద్ద అద్దాలు మోసేటప్పుడు రెండో మనిషిగా బండిలో కూర్చుంటాను.

ఆమె తాళం ఆమెకిచ్చారు. మూడు నెలల షరతు అలాగే ఉంది. దాని మీద అరవడానికి నాకు నోరు లేకుండా చేసుకున్నది నేనే.

మెట్ల దగ్గర కలిసింది. కళ్లనీళ్లు పెట్టుకుంటుందనో, చేతులు పట్టుకుంటుందనో అనుకున్నానా? అనుకునే ఉంటాను.

"ఎనిమిది రోజులన్నా," అంది. "లెక్కపెట్టాను."

దిగి వెళ్లిపోయింది.

ఇంట్లో మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "ఎక్కడ నొప్పి?" అంది. చెప్పాను. ఈసారి ప్రభుత్వం ఊసెత్తలేదు.


మార్చి 18

ఒంటరిగా ఉన్నప్పుడు వ్యాను దగ్గరికెళ్లి ఆ చోటు తడుముతున్నాను. ఎందుకో తెలియదు.


మార్చి 20, గురువారం

కాయితం మీద పెట్టకపోతే నాలో నిలిచేలా లేదు.

పొద్దున్న దుకాణం ముందు పెట్టే అద్దం, మనిషి కంటే ఎత్తు, నాలుగు చేతుల వెడల్పు. ఆ కొలతది నెలకొకటి కోస్తాం. రాకులో నిలబెట్టి, పట్టీలు బిగించి, ఆమె పక్కన కూర్చున్నాను. ఎండ అద్దంలోంచి వెళ్లి బండి లోపలంతా పడింది. ఆమె నడిపే తీరు చూస్తూ కూర్చున్నాను, బయటికి చెప్పలేదు గానీ నాకంటే నయం. దూరం నుంచే చూసుకుని, వదిలి, దొర్లించుకుంటూ. నేను చెప్పిన పాఠమే, నాకంటే మెత్తగా.

సందు మలుపులో ఒకతను గోడకు రంగు వేస్తున్నాడు. పచ్చరంగు. కింది నుంచి పైదాకా వేసేశాడు. మేము దగ్గరికొచ్చేసరికి, మొత్తం ఎలా ఉందో చూసుకుందామని వెనక్కి నడిచాడు. చేతిలో బ్రష్షు, తల ఒక పక్కకు వాల్చి, కళ్లు గోడ మీద పెట్టి, ఒక్కో అడుగే వెనక్కి. కాలిబాట అయిపోయింది. రోడ్డు మీదికొచ్చాడు. ఇంకా వెనక్కే.

నా కాలు కదిలింది. ఇక్కడ అబద్ధం రాయను. పక్క సీట్లో కూర్చుని కూడా నా కుడికాలు పైకి లేచి ఊరుకుంది, గాల్లో. తొక్కలేదు.

ఆమె తొక్కింది.

బండి అక్కడే పాతుకుపోయింది. మా ఇద్దరి తలలూ ముందుకెళ్లి వెనక్కొచ్చాయి. వెనకాల ఒకటే చప్పుడు. టప్. అంతే. ఆమె దిగి పరిగెత్తింది. అతను మా బండి ముక్కుకు జానెడు దూరంలో నిలబడి, ఇంకా గోడ వంకే చూస్తున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి వ్యానును చూసి అదిరిపడ్డాడు. బ్రష్షులోంచి పచ్చచుక్కలు తెల్లటి బానెట్ మీద పడ్డాయి.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. కాస్త ముందుకెళ్లి నిలబడి చూసుకోండి," అంది. గొంతు మామూలుగానే ఉంది. 

అతను మళ్లీ గోడ వంక తిరిగి, "ఎలా ఉందంటారు?" అన్నాడు.

"బాగుందండీ," అంది. "చాలా బాగుంది."

వెనక తలుపు తీశాం. అద్దం మీద పైనుంచి కిందిదాకా ఒక్క గీత. తిన్నగా. ఎండ ఆ గీతలోకి దిగి రంగులు చిమ్ముతోంది. ఇద్దరం నిలబడి చూశాం. అంత పెద్ద అద్దం పగిలితే ఏడవాలనిపించేది నాకు, ఎన్నోసార్లు ఏడ్చాను కూడా. ఇవాళ ఆ గీతను చూస్తుంటే ఒళ్లు జల్లుమంది. నేను చక్రం దగ్గరుండి ఉంటే ఈ అద్దం నిక్షేపంగా ఉండేది.

ఇరవయ్యారేళ్లు. పద్నాలుగు మందికి నేర్పాను.

తిరిగొచ్చాక ఆమె పుస్తకం తెరిచింది. మేనేజరు గదిలోంచి చూస్తున్నాడు. షరతు పెట్టి మూడు వారాలు కూడా కాలేదని ఆమెకు తెలుసు. నిలబడే రాసింది, ఆగకుండా, కొట్టివేతలు లేకుండా.

'సందు మలుపులో బ్రేకు నేనే తొక్కాను. అద్దం పగిలింది. బానెట్ మీద పచ్చరంగు పడింది. మనిషికి ఏం కాలేదు.'

సంతకం చేసి పుస్తకం నా వైపు తోసింది. రెండో మనిషి సంతకం కూడా కావాలి.

పెన్ను తీసుకుని ఆగాను. బయటికి వెళ్లి వ్యాను చుట్టూ ఒకసారి నడిచాను, నాలుగు పక్కలా, గోడ పక్క కూడా. పచ్చచుక్కలు లెక్కపెట్టాను. తొమ్మిది. లోపలికొచ్చి ఆమె రాసిన దాని కింద 'నేను పక్కనే ఉన్నాను. నేనైతే తొక్కేవాణ్ణి కాదు' అని రాసి, నా పేరు పూర్తిగా రాశాను.